పాలారు నుంచి హేగ్ దాకా: అంతర్జాతీయ పర్యావరణ చట్టం ఎలా చదవాలి

వేలూరు, గుడియాత్తం, పేర్నంబట్టు వైపు నుంచి లా డిగ్రీ ముగించి పైచదువుకు సిద్ధమయ్యే పిల్లల్లో చాలామంది అంతర్జాతీయ పర్యావరణ చట్టాన్ని తమది కాని చదువుగా చూస్తారు. అది ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు పనికొచ్చేదని, జిల్లా కోర్టులో ప్రాక్టీసు పెట్టేవాడికి దానితో పనేముందని అనుకుంటారు. నేను దీనికి పూర్తిగా ఎదురుమాట చెప్పదలచుకున్నాను. ఈ శాస్త్రాన్ని వేళ్ల నుంచి నేర్చుకోవడానికి మన దేశంలో పాలారు పరీవాహక ప్రాంతాన్ని మించిన చోటు నాకు కనబడలేదు. రియోలో 1992లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న మాటలు మన దేశంలో చట్టంగా నిలబడింది ఈ నది కేసులోనే. ఆ చట్టం ఎక్కడ ఆగిపోయిందో చూపించేదీ ఈ నదే.

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన 'వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం' తీర్పు లేకుండా మన దేశంలో పర్యావరణ చట్టం పాఠం సాగదు. ఉత్తర ఆర్కాడు తోళ్ల ఫ్యాక్టరీలు శుద్ధి చేయని వ్యర్థజలాన్ని పొలాల్లోకి, రోడ్డు పక్కలకు, కాలువల్లోకి వదులుతున్నాయని, చివరికి అదంతా తాగునీటికి ఆధారమైన పాలారులోకే చేరుతోందని వేలూరు పౌరుల సంస్థ ఒకటి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. తోళ్ల ఫ్యాక్టరీల బెల్టులో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న వేలూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం సర్వే కోర్టు ముందుకు వచ్చింది. కిలో తోలు తయారుకావడానికి దాదాపు 35 లీటర్ల నీరు ఖర్చవుతుందని, క్రోమ్ పద్ధతిలో 170 రకాల దాకా రసాయనాలు వాడతారని ఆ తీర్పులోనే ఉంది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ రాసిన ఆ తీర్పు తోళ్ల పరిశ్రమ తెచ్చే విదేశీ మారకాన్ని, ఇచ్చే ఉపాధిని కాదనలేదు. అయినా నేలనీ నీళ్లనీ పాడుచేసే హక్కు దానికి లేదంది.

మీ చదువు ఇక్కడ మొదలుపెట్టండి. పాఠ్యపుస్తకంలోని సారాంశంతో సరిపెట్టుకోకండి. సుప్రీంకోర్టు రిపోర్టులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. తీర్పు మొత్తాన్ని తెచ్చుకుని వెనక నుంచి చదవండి. ముందు కోర్టు ఏం చేయమందో చూడండి. కేంద్రం ఒక అథారిటీని ఏర్పాటుచేయాలి; నష్టపోయిన కుటుంబాలను గుర్తించి పరిహారం లెక్కకట్టాలి; చెడిపోయిన నేలను, నీటిని బాగుచేయడానికి అయ్యే ఖర్చునూ కాలుష్యం చేసినవాళ్ల నుంచే రాబట్టాలి; ఒక్కో ఫ్యాక్టరీ 10,000 రూపాయల జరిమానా కట్టాలి; మద్రాసు హైకోర్టు ప్రత్యేకంగా ఒక గ్రీన్ బెంచ్ పెట్టుకుని ఈ వ్యవహారాన్ని చూడాలి. ఈ ఆదేశాలు తలకెక్కాక వెనక్కి వెళ్లి, వీటికి ఆధారంగా చూపిన సిద్ధాంతాన్ని చదవండి. సిద్ధాంతంతో మొదలుపెట్టినవాడికి ఆ మాటల గాంభీర్యమే గుర్తుంటుంది. ఆదేశాలతో మొదలుపెడితే, ఈ సిద్ధాంతం ఎవరి జేబులోంచి డబ్బు తీసి ఎవరి చేతిలో పెట్టడానికి వచ్చిందో తెలుస్తుంది.

మూలానికి వెళ్లడం

పీజీ స్థాయికీ డిగ్రీ స్థాయికీ తేడా ఇక్కడే. డిగ్రీలో 'ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యం చేసినవారే చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని వేలూరు కేసులో కోర్టు చెప్పింది' అని రాస్తే మార్కులు పడతాయి. ఎల్‌ఎల్‌.ఎం.లో ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది. ఏ ఆధారంతో చెప్పింది?

రియో ప్రకటనలోని 15వ, 16వ సూత్రాలను తీర్పు పక్కన పెట్టుకుని చదవండి. 15వ సూత్రం దేశాలు తమ శక్తిమేరకు ముందుజాగ్రత్త పాటించాలంటుంది. శాస్త్రీయంగా పూర్తి నిర్ధారణ లేదన్న సాకుతో, ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే చర్యలను వాయిదా వేయరాదంటుంది. 'శక్తిమేరకు', 'ఖర్చుకు తగ్గ' అన్న ఈ మినహాయింపులు రెండూ సుప్రీంకోర్టు ఇచ్చిన నిర్వచనంలో కనబడవు. పైగా రియోలో లేని ఒక కొత్త బరువు అక్కడ చేరింది. తాను చేసే పని పర్యావరణానికి హాని చేయదని నిరూపించుకోవలసిన భారం పరిశ్రమదే అన్నది కోర్టు. 16వ సూత్రమూ అంతే. రియోలో దాని భాష మెత్తన. ప్రభుత్వాలు ప్రయత్నించాలని, వాణిజ్యానికి పెట్టుబడులకు అడ్డు రాకుండా చూసుకోవాలని ఉంటుంది. వేలూరు తీర్పులో అదే సూత్రం పూర్తి బాధ్యతగా మారి, బాధితుల పరిహారంతోపాటు పాడైన ప్రకృతిని బాగుచేసే ఖర్చునూ మోసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక పూట కూర్చుంటే, అంతర్జాతీయ సూత్రం దేశంలోకి వచ్చేటప్పుడు ఎలా రూపు మార్చుకుంటుందో తెలిసిపోతుంది. ఏ లెక్చరు వల్లా ఇంతగా అర్థంకాదు.

తర్వాత అసలు చిక్కు వస్తుంది. ఈ సూత్రాలు ఆచార అంతర్జాతీయ చట్టంలో భాగమయ్యాయి కాబట్టి మన దేశ చట్టంలోనూ భాగమేనని కోర్టు అన్నది. ఆచారంగా నిలవాలంటే రెండు రుజువులు కావాలి. దేశాలు నిజంగా అలా నడుచుకుంటూ ఉండాలి. అలా నడవడం చట్టరీత్యా తమ బాధ్యత అని నమ్ముతూ ఉండాలి. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 1969లో నార్త్ సీ కేసులో ఈ కొలతను గట్టిగా బిగించింది. వేలూరు తీర్పులో ఆ పరిశీలన ఎక్కడుందో వెతకండి. స్టాక్‌హోం, బ్రంట్‌లాండ్ నివేదిక, రియో అన్న మైలురాళ్లు వరసగా కనబడతాయి. ఏ దేశం ఏం చేసిందన్న పరిశీలన కనబడదు. మరుసటి ఏడు, 1997 సెప్టెంబరులో, హంగరీ స్లొవాకియాల మధ్య డాన్యూబ్ ఆనకట్టల కేసులో హేగ్ న్యాయస్థానం సుస్థిర అభివృద్ధిని ఒక భావనగా పేర్కొని, అంతకు మించి ముందుకు పోలేదు. శ్రీలంకకు చెందిన న్యాయమూర్తి వీరమంత్రి మాత్రం తన ప్రత్యేక తీర్పులో అది కట్టుబడవలసిన సూత్రమేనన్నారు. అందుకు తమ దేశంలోని ప్రాచీన చెరువుల వ్యవస్థను సాక్ష్యంగా తెచ్చారు. చెరువుల కింద సేద్యం చేసిన ఆర్కాడు పిల్లలు ఆ ప్రత్యేక తీర్పును తప్పకుండా చదవాలి. 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం, హార్మోన్ల గొడ్డుమాంసం కేసులో, ముందుజాగ్రత్త ఆచార చట్టమైందా లేదా అన్న ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. 2011లో సముద్ర చట్టాల ట్రిబ్యునల్ మాత్రం అది ఆచారంగా మారే దిశలో నడుస్తోందన్నది.

హేగ్ తటపటాయించిన చోట ఢిల్లీ ఒక ఏడాది ముందే అడుగువేసిందన్నమాట. ఫలితం సరైనదని, చూపిన ఆధారం పల్చనిదని నా అభిప్రాయం. మీరు వేరేలా అనుకోవచ్చు. కానీ ఈ ప్రశ్నకు మీదంటూ ఒక జవాబు లేకుండా, ఆ తీర్పును పొగిడి ఊరుకునే వ్యాసాన్ని ఎల్‌ఎల్‌.ఎం.లో సమర్పించకండి. బాధితుల పక్షాన ఉన్నామన్న భావన వాదంలోని లోపాన్ని చూడనివ్వదు. ఆ లోపాన్ని రేపు అవతలి పక్షం లాయరు పట్టుకుంటాడు.

పల్చగా ఉన్న ఆ ఆధారాన్ని తరవాత గట్టిపరచినవాళ్లలో తెలుగు న్యాయమూర్తి ఒకరు ముందుంటారు. హైదరాబాద్ తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర ఒక నూనె పరిశ్రమకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో, 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు రాశారు. ప్రకృతి కొంత కాలుష్యాన్ని తనలో కలుపుకోగలదన్న పాత నమ్మకం నుంచి, 1982 నాటి ప్రపంచ ప్రకృతి చార్టర్ ద్వారా, ముందుజాగ్రత్త వైపు ప్రపంచం ఎలా మళ్లిందో అందులో అంచెలంచెలుగా చూపించారు. రుజువు భారం ఎందుకు తిరగబడాలో కూడా వివరించారు. శాస్త్రజ్ఞానం ఉన్న ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని కోరారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చినప్పుడు దాని 20వ సెక్షన్ సుస్థిర అభివృద్ధి, ముందుజాగ్రత్త, కాలుష్యం చేసినవారే చెల్లించడం అన్న మూడింటినీ ట్రిబ్యునల్ అన్వయించి తీరాలని రాసింది. అంతర్జాతీయ ఆచారమా కాదా అన్న వాదన ఏమైనా, ఇవి ఇప్పుడు పార్లమెంటు చేసిన చట్టంలో అక్షరాలు. చెన్నైలోని దక్షిణ మండల బెంచ్‌లో మీరు రేపు వాదించబోయే కేసుకు ఈ సెక్షనే ఆధారం.

ఇక అంతర్జాతీయ స్థాయికి వస్తే, దేశాల సరిహద్దు దాటే హానిని ఎలా అడ్డుకోవాలి, జరిగిన నష్టాన్ని ఎవరు ఎలా భరించాలి అన్న రెండు అంశాలపై ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 2001లో, 2006లో ముసాయిదాలు ఖరారుచేసింది. వాటి వెనక ప్రత్యేక నివేదకుడిగా పనిచేసింది మన పెమ్మరాజు శ్రీనివాసరావు. ఆ ముసాయిదాల కింద ఉన్న వ్యాఖ్యానాలను చదవడం అలవాటు చేసుకోండి. పీజీలో మూలగ్రంథం అంటే అవే.

ఉప్పు సంగతి తెలియకుండా చట్టం రాదు

పర్యావరణ చట్టం చదివేవాళ్లు రసాయనశాస్త్రానికి భయపడి దూరం జరుగుతారు. అలా జరగకండి. తోళ్ల ఫ్యాక్టరీ అనగానే అందరికీ క్రోమియం గుర్తొస్తుంది. పాలారు పక్కన బావులను చెడగొట్టినవాటిలో మామూలు ఉప్పుది పెద్ద పాలు. పచ్చితోలు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు; ఫ్యాక్టరీలో కడిగినప్పుడు ఆ ఉప్పంతా నీళ్లలోకి దిగుతుంది. సాధారణ శుద్ధి కేంద్రం చెత్తను, క్రోమియాన్ని పట్టుకోగలదు గాని నీళ్లలో కరిగిన ఉప్పును పట్టుకోలేదు. దానికి రివర్స్ ఆస్మాసిస్, ఆ పైన మిగిలిన గాఢ జలాన్ని ఆవిరిచేసే యంత్రాలు కావాలి. వాటికి కరెంటు ఖర్చు ఎక్కువ. చివర్లో మిగిలే ఉప్పుకుప్పను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. తమిళనాడులో వ్యర్థజలంలో కరిగిన ఘనపదార్థాల పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములు. ఆ అంకె దాటిందా లేదా అన్నదాని మీదే కేసు నిలబడుతుంది. ఈ లెక్క అర్థంకాని లాయరు నిపుణుడి నివేదికకు ప్రశ్న వేయలేడు.

క్రోమియం పాఠం రాణిపేటలో ఉంది. మూతపడిన క్రోమేట్ కర్మాగారం వెనక గుట్టలుగా మిగిలిన వ్యర్థాల వల్ల ఆ ఊరు 2006లో బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రకటించిన ప్రపంచపు అతి కలుషిత ప్రదేశాల జాబితాలో చేరింది. అదే రాణిపేటలో 2015 జనవరి 31న ఉమ్మడి శుద్ధి కేంద్రపు బురద తొట్టి గోడ కూలి, పక్కన నిద్రపోతున్న 10 మంది కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది పొట్టచేతబట్టుకుని బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. నదిని కాపాడడానికి కట్టిన చోటే మనుషులు చచ్చిపోయారంటే, కార్మికుల భద్రత లేని పర్యావరణ చట్టం ఎంత అసంపూర్ణమో ఆలోచించండి. మన సిలబస్‌లలో ఈ రెండూ వేర్వేరు పేపర్లుగా ఉండటం నాకు ఎన్నడూ నచ్చలేదు.

తీర్పు తర్వాత కథను వదిలేయడం విద్యార్థులు చేసే మరో పొరపాటు. అథారిటీ పనిచేసింది, పరిహారాలు నిర్ణయించింది, మళ్లీ వివాదాలు నడిచాయి. 2025 జనవరి 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం మళ్లీ పాలారు మీదే తీర్పు చెప్పవలసి వచ్చింది. పరిహారం అందనివాళ్లకు ముందు ప్రభుత్వమే చెల్లించి, తర్వాత కాలుష్యం చేసినవాళ్ల నుంచి వసూలుచేసుకోవాలని, హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేయాలని అందులో ఆదేశించారు. మొదటి తీర్పుకు, దీనికి మధ్య 28 ఏళ్లు దాటాయి. ఆ రెండు తీర్పులను ఒకదాని వెంట ఒకటి చదివితే, సూత్రం గెలవడం వేరు, రైతుకు డబ్బు ముట్టడం వేరు అని తెలుస్తుంది.

కొనేవాడి చట్టం

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసేది వాణిజ్యం వైపు కథ. 1989లో జర్మనీ పెంటాక్లోరోఫినాల్ అనే మందును నిషేధించింది. తోలుకు బూజు పట్టకుండా వాడే మందు అది. వస్తువులో కిలోకు 5 మిల్లీగ్రాములు మించితే సరుకు లోపలికి రానివ్వదు. వేలూరు కేసు తీర్పుకు ఏడేళ్ల ముందు సంగతి ఇది. మన తోళ్ల పరిశ్రమ ప్రత్యామ్నాయం వెతుక్కోక తప్పలేదు. 2015 మే నుంచి యూరోపియన్ యూనియన్ చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో హెక్సావలెంట్ క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదంది. ఆంబూరులో కుట్టిన బూటు ఆ పరీక్ష దాటితేనే అక్కడ అమ్ముడుపోతుంది.

జాగ్రత్తగా చూడండి, ఆ పరీక్ష బూటుకు మాత్రమే. దాన్ని తొడుక్కునే కాలికి హాని లేకపోతే చాలు. బూటు తయారైన చోట నీళ్లు ఏమయ్యాయన్నది ఆ ప్రయోగశాల అడగదు. నది వైపు చూసే చట్టానికి అమలు బలం తక్కువ, అమలు బలం ఉన్న చట్టం నది వైపు చూడదు. 2023 జనవరి నుంచి జర్మనీలో అమల్లోకి వచ్చిన సరఫరా గొలుసు చట్టం, 2024లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన జాగరూకత డైరెక్టివ్ ఈ ఖాళీని పూడ్చగలవా? కొనే కంపెనీని తన సరుకు పుట్టిన చోటి నీటికి బాధ్యుణ్ని చేయగలవా? లేక ఆ ఖర్చంతా గుడియాత్తం దగ్గరి చిన్న యూనిట్ నెత్తిన పడుతుందా? పేద దేశాల ఎగుమతులకు ఇవి మారువేషపు అడ్డంకులన్న వాదనా ఉంది, దాన్నీ గౌరవంగా చదవాలి. బి.ఎస్. చిమ్ని వంటివాళ్ల రచనలు ఇందుకు ఉపయోగపడతాయి.

కాలుష్యం, వాణిజ్యం తర్వాత మిగిలింది నీటి పంపకం. ఈ విషయంలో ఆర్కాడు తెలుగువాళ్లకు ఉన్న చూపు మరెవరికీ సులువుగా దొరకదు. పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా దిగి, వాణియంబాడి దగ్గర తమిళనాడులోకి వస్తుంది. గుడియాత్తానికి నీళ్లిచ్చే కౌండిన్య పలమనేరు అడవుల నుంచి వస్తుంది. కుప్పం దగ్గర గణేశపురంలో ఆనకట్ట కడతామని ఆంధ్రప్రదేశ్ అన్నప్పుడు, 1892 నాటి మద్రాసు మైసూరు ఒప్పందాన్ని చూపి తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకెక్కింది. చుట్టాలు ఎగువన, ఇల్లు దిగువన ఉన్నవాడికి సమన్యాయ వినియోగమనే సూత్రం రెండు వైపుల నుంచీ వినబడుతుంది. 1997 నాటి ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒప్పందంలోని 5, 6, 7 అధికరణాలను తీసుకుని, పాలారు మూడు రాష్ట్రాలూ మూడు దేశాలైతే ఏం జరిగేదో రాసి చూడండి. ఆ ఒప్పందంపై ఓటింగులో భారతదేశం తటస్థంగా ఉండిపోయింది, ఇప్పటికీ అందులో చేరలేదు. ఎందుకన్నది కూడా మీ వ్యాసంలో రావాలి.

ఎక్కడ చదవాలన్నదాని గురించి ఎక్కువ చెప్పను. క్లాట్ పీజీ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య, తిరుచ్చి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అందుబాటులో ఉంటాయి. చెన్నైలోని తమిళనాడు డాక్టర్ అంబేడ్కర్ న్యాయ విశ్వవిద్యాలయంలో పర్యావరణ చట్టానికే ప్రత్యేక ఎల్‌ఎల్‌.ఎం. ఉంది. పుస్తకాల్లో ముందు బొడాన్‌స్కీ చిన్న పుస్తకం, తర్వాత సాండ్స్, పీల్. భారత చట్టానికి దివాన్, రోజెన్‌క్రాంజ్. ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ లైబ్రరీలో ఉపన్యాసాలు ఉచితం. ఒప్పందాల పాఠాలు ఇకోలెక్స్‌లో దొరుకుతాయి. డబ్బు లేదని ఆగిపోవలసిన చదువు కాదిది.

ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లకు ఒక మాట. చదివిన ప్రతి తీర్పునూ ఒక పేజీలో తెలుగులో రాయండి, కోర్టు మెట్లెక్కని మీ మేనత్తకు అర్థమయ్యేలా. రాయలేకపోతే మీకు అర్థంకాలేదని లెక్క. ఆపైన మీకున్న బలం కూడా గుర్తించండి. ఇక్కడి ఆఫీసు కాగితాలు తమిళంలో, మీ ఊరి చాలా ఇళ్లలో మాట తెలుగులో, ఒప్పందాలు ఇంగ్లిష్‌లో. ఈ మూడూ చదివి, విని, కలిపి రాయగలిగిన పరిశోధకులు కొద్దిమందే.

డిసర్టేషన్‌కు 'భారతదేశంలో ముందుజాగ్రత్త సూత్రం' లాంటి శీర్షిక పెట్టకండి. 'పేర్నంబట్టు ప్రాంతపు తోళ్ల ఎగుమతిదారులపై జర్మనీ సరఫరా గొలుసు చట్టం నీటి విషయంలో ఏ బాధ్యత మోపుతోంది' అన్నంత ఇరుకుగా పెట్టుకోండి. గైడు అది చాలా చిన్నదంటే, మొదటి అధ్యాయం రాసి చూపించండి. ఏడాది ఎల్‌ఎల్‌.ఎం.లో టైము పరుగెత్తుతుంది గనక కాగితాల పని ముందే మొదలవ్వాలి. శుద్ధి కేంద్రాల పరీక్ష నివేదికల కోసం కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తును కోర్సులో చేరిన వారంలోనే పెట్టండి. జవాబుకు చట్టం 30 రోజులు ఇస్తుంది. రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30, ఆ అప్పీలు తేలడానికి 45 రోజుల దాకా. అంటే రెండో సెమిస్టరు మొదలయ్యేసరికి గాని అంకెలు చేతికి రావు. నీటి పరీక్ష ఫలితాలను నెలలవారీగా, ఏ బావి, ఏ తేదీ, ఏ ప్రయోగశాల అన్న వివరాలతో అడగండి. సగటు అంకెలు ఇస్తే తీసుకోకుండా మళ్లీ రాయండి. ఊళ్లలో మాట్లాడేటప్పుడు రైతు పేరు, సర్వే నంబరు అచ్చులో రాకుండా చూడండి, ముందే అనుమతి అడగండి. ఫ్యాక్టరీ యజమానులతోనూ మాట్లాడండి; శుద్ధికి నెలనెలా ఎంతవుతోందో వాళ్ల బిల్లులు చూడకుండా మీ అధ్యాయం పూర్తికాదు.